పికాసో గుర్రం జాడ: ఒక చిత్రకారుడి ఆన్‌లైన్ ఆర్కైవ్‌ను విశాఖలో కూర్చుని చదివే పద్ధతి

మొన్న వేసవిలో ఒక ఫైన్ ఆర్ట్స్ కుర్రాడు ఎంవీపీ కాలనీలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. "మాస్టారూ, పికాసో మీద ప్రాజెక్టు చేస్తున్నానండి. ఎనిమిది వందల బొమ్మలు దించేశాను" అంటూ ఫోను చేతికిచ్చాడు. నిజమే, లెక్కకు అన్నీ ఉన్నాయి. ఒక బొమ్మ మీద వేలు పెట్టి "ఇదెంత పెద్దదిరా?" అన్నాను. ఫోను వంక చూశాడు, నా వంక చూశాడు. "ఏ సంవత్సరంలో వేశాడు?" "ముప్పైల్లో అనుకుంటానండి." "ఇప్పుడెక్కడుంది?" "గూగుల్లో అండి."

నవ్వొచ్చింది గానీ, తప్పంతా వాడిది కాదు. ఒక చిత్రకారుడి పేరు మీద నడిచే పరిశోధన ఆర్కైవ్‌లోకి మనం ఎగ్జిబిషన్‌కి వెళ్లినట్టు వెళతాం. బొమ్మలు చూసి, నచ్చినవి దాచుకుని బయటికొస్తాం. అది ఎగ్జిబిషన్ కాదు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు లాంటిది. అక్కడ బొమ్మ కన్నా, బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉన్న నాలుగు లైన్లకే విలువ ఎక్కువ. ఆ నాలుగు లైన్లు చదవడం వాడికి నేర్పడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఆ క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలన్నీ పికాసోవే. ఇంత విస్తారంగా, ఇంత గజిబిజిగా లెక్కకెక్కిన ఆధునిక చిత్రకారుడు మరొకరు దొరకరు కాబట్టి.

మొదటి అడుగు: ప్రశ్నను గుప్పిట్లో పట్టేంత చేసుకోండి

"పికాసో జీవితం, కళ" అనేది ప్రశ్న కాదు. ఆయన 1881 అక్టోబరు 25న స్పెయిన్‌లోని మలగాలో పుట్టి, 1973 ఏప్రిల్ 8న ఫ్రాన్సులో పోయాడు. పిల్లవాడిగా పట్టుకున్న కుంచెను తొంభై దాటినా వదల్లేదు. ఆ సముద్రంలోకి వల లేకుండా దిగితే ఉత్త చేతులతో ఒడ్డుకొస్తాం.

మా కుర్రాడి చేత ఒక్క ప్రశ్న రాయించాను: "గెర్నికాలో నోరు తెరిచి అరుస్తున్న ఆ గుర్రం ఎక్కడి నుంచి వచ్చింది?" గెర్నికా అంటే, బాంబులు పడిన ఒక పట్టణం పేరుతో పికాసో 1937లో వేసిన పెద్ద చిత్రం. ఈ ప్రశ్నలో ఒక వస్తువుంది (గుర్రం), ఒక గమ్యముంది (1937), వెనక్కి నడవడానికి దారుంది. మీ ప్రశ్నలోనూ ఈ మూడూ ఉండాలి. లేకపోతే ఇంకా చిన్నది చేయండి.

రెండో అడుగు: ఏ తలుపు వెనక ఏముందో తెలుసుకోండి

పికాసో విషయంలో పాతకాలపు పెద్ద దస్తరం క్రిస్టియన్ జెర్వోస్ కేటలాగు. 1932లో మొదటి సంపుటం వచ్చింది. జెర్వోస్ 1970లోనే పోయినా పని ఆగలేదు. 1978కి 33 సంపుటాలు, 16 వేలకు పైగా కృతులు అయ్యాయి. అన్నీ నలుపు తెలుపు ఫోటోలే. రంగు మీద ప్రశ్న ఉన్నవాడికి ఇక్కడ పని జరగదు.

దాని తర్వాత ఇంటర్నెట్ కాలం. ఎన్రికే మాయెన్ అనే ఆచార్యుడు, అసలు వృత్తి రీత్యా స్పానిష్ భాషాశాస్త్రవేత్త, 1997లో ఆన్‌లైన్ పికాసో ప్రాజెక్టు మొదలుపెట్టాడు. కృతుల పట్టిక, ఆ రోజుకి పికాసో ఎక్కడున్నాడో చెప్పే జీవితక్రమం రెండూ ఒకే చోట ముడిపడి ఉండటం దాని బలం. భాషాశాస్త్రవేత్త ఈ పని ఎందుకు నెత్తికెత్తుకున్నాడా అనిపిస్తుంది గానీ, నిఘంటువు కట్టడానికీ కేటలాగు కట్టడానికీ కావలసిన ఓపిక ఒకటే.

మూడోది మ్యూజియంలు. పారిస్‌లోని పికాసో మ్యూజియం 1985లో తెరిచారు. వారసత్వ పన్నుకు బదులుగా వారసులు ప్రభుత్వానికి అప్పగించిన కృతులతో అది మొదలైంది. చిత్రకారుడి సొంత కాగితాలు, ఉత్తరాలు, ఫోటోలు కూడా తర్వాత అక్కడికే చేరాయి. బార్సిలోనా మ్యూజియం 1963 నాటిది, యవ్వనకాలపు పనికి అదే పుట్టిల్లు. మాడ్రిడ్‌లోని రైనా సోఫియాలో గెర్నికా ఉంది. ఆ చిత్రానికి సంబంధించిన కాగితాలతో, బాగా దగ్గరకు జరిపి చూడగల ఫోటోలతో వాళ్లు ప్రత్యేకంగా ఒక ఆన్‌లైన్ ఆర్కైవ్ పెట్టారు. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం సైటు కూడా పక్కనుంచుకోండి.

ఒక హెచ్చరిక. జెర్వోస్‌లో ప్రధానంగా పెయింటింగులు, డ్రాయింగులే ఉంటాయి. ఎచింగులూ లితోగ్రాఫులూ (లోహపు పలక మీంచో రాతి మీంచో అచ్చు తీసే బొమ్మలు) కావాలంటే బ్లోక్, బేర్ అనేవాళ్ల కేటలాగుల నంబర్లు చూడాలి. శిల్పాలకు స్పీస్, సెరామిక్ పాత్రలకు రామియె. ఇది తెలియక మా వాడు 'మినోటారోమాకీ' అనే ఎచింగును జెర్వోస్ నంబర్లలో రెండు గంటలు వెతికాడు. అది బ్లోక్ 288.

మూడో అడుగు: పేరును నమ్మకండి, నంబరు పట్టుకోండి

మన ఊరి సంగతే చూడండి. విశాఖపట్నం, వైజాగ్, వాల్తేరు, పాత ఇంగ్లీషు కాగితాల్లో విజగపటామ్. వీటిలో ఒక్క పేరుతోనే వెతికితే పాత రికార్డుల్లో సగం ఊరు మాయమైపోతుంది. బొమ్మల పేర్లూ అంతే. ఒకే చిత్రానికి ఫ్రెంచిలో ఒక పేరు, స్పానిష్‌లో ఒకటి, ఇంగ్లీషులో రెండు మూడు. పైగా వాటిలో చాలా మటుకు చిత్రకారుడు పెట్టినవి కావు, అమ్మినవాళ్లో స్నేహితులో పెట్టినవి. జగమంతా 'అవిన్యోన్ అమ్మాయిలు' అని చెప్పుకునే 1907 చిత్రానికి ఆ మర్యాదైన పేరు 1916లో తొలిసారి ప్రదర్శనకు పెట్టినప్పుడు రచయిత ఆంద్రే సాల్మోన్ తగిలించాడు. పికాసో దాన్ని మొరటుగా "నా బోగం కొంప" అనే అనేవాడు.

అందుకే ముందు నంబరు రాసుకోండి. గెర్నికా జెర్వోస్ 9వ సంపుటంలో 65వది. 'అమ్మాయిలు' 2వ సంపుటం మొదటి భాగంలో 18వది. ఆ సంపుటం రెండు పుస్తకాలుగా వచ్చింది, అందుకే నంబరు పక్కన ఒక నక్షత్రమో రెండు నక్షత్రాలో కనిపిస్తాయి. ఆ చుక్కను అచ్చుతప్పు అనుకుని కొట్టేయకండి. అది కొట్టేస్తే రెండు పుస్తకాల్లో ఏది తెరవాలో తెలియదు.

నంబర్ల వరస కాలం వరస కాదని కూడా గుర్తుంచుకోవాలి. ముందు సంపుటాల్లో చోటు దొరకని వాటిని తర్వాత అనుబంధాలుగా వేశారు. 6వ సంపుటం అంతా అలాంటిదే.

నాలుగో అడుగు: ఆ నాలుగు లైన్లు

ఇక్కడ తొందరపడొద్దు. మొదటి ఆదివారం మొత్తం దీనికే పోయింది.

ముందు తేదీ. బొమ్మ మీద చిత్రకారుడి చేతిరాతతో ఉన్న తేదీ వేరు, పండితులు అంచనా వేసి "వసంతం, 1907" అని రాసింది వేరు. మంచి ఆర్కైవ్‌లో ఈ రెండిటికీ రాతలో తేడా చూపిస్తారు. బ్రాకెట్టు ఉందా, 'సుమారు' అని ఉందా చూడండి. గెర్నికా చిత్తుల విషయంలో మనం అదృష్టవంతులం. 1937 మే 1న నీలి కాగితం మీద పెన్సిల్‌తో వేసిన మొదటి చిత్తుల నుంచే ఆయన తేదీ వేసి, ఆ రోజులో అది ఎన్నోదో కూడా రాశాడు. కోర్టులో నిలబడే సాక్ష్యం లాంటిది.

తేదీ రాయని బొమ్మకి? కొన్నిసార్లు వేసిన కాగితమే నోరు విప్పుతుంది. 1912 చివర్లో పికాసో వార్తాపత్రికలు కత్తిరించి బొమ్మల్లో అతికించడం మొదలుపెట్టాడు. గిటారు, పాటల కాగితం, గ్లాసు ఉన్న ఒక బొమ్మలో 1912 నవంబరు 18 నాటి పత్రిక ముక్క ఉంది. అంటే ఆ బొమ్మ ఆ తేదీకి ముందు పుట్టే వీల్లేదు. తర్వాత ఎన్ని రోజులకు పుట్టిందో ముక్క చెప్పదు, ముందు కాదని మాత్రం ఖాయంగా చెబుతుంది. ఈ కిటుకు పికాసోకే పరిమితం కాదు, కింద మళ్లీ పనికొస్తుంది.

తర్వాత కొలత. ఎత్తు ముందు, వెడల్పు తర్వాత రాయడం మ్యూజియంల రివాజు. గెర్నికా 349.3 × 776.6 సెంటీమీటర్లు అంటే అడ్డంగా పొడవైనదని అర్థం. ఒకసారి నేనే ఈ రెండూ తారుమారు చేసి ఒక చిన్న పత్రికకు వ్యాసం పంపాను. వాళ్లు నా లెక్క నమ్మి ఒక బొమ్మను పక్కకు తిప్పి అచ్చేశారు. ఫోన్ చేసి తప్పు పట్టిన ఒకే ఒక్క పాఠకుడు హైస్కూలు డ్రాయింగు మాస్టారు.

సంతకం మీద ఒక మాట. కుర్రతనంలో ఆయన తండ్రి ఇంటిపేరు కలిపి 'పి. రూయిస్ పికాసో' అని చేసేవాడు. 1901 ప్రాంతంలో అది వట్టి 'పికాసో' అయింది. క్యూబిజం (వస్తువును కోణాలుగా విడగొట్టి చూపే పద్ధతి) రోజుల్లో చాలా కాన్వాసుల మీద సంతకం వెనక వైపు ఉంటుంది. కాబట్టి ముందు సంతకం లేదని దొంగ బొమ్మ అనేయకండి, ఉందని అసలుదీ అనేయకండి. సంతకం తర్వాత ఎప్పుడో కొనుగోలుదారు కోసం పెట్టిందీ కావచ్చు.

అయిదో అడుగు: లింకు డాక్యుమెంట్లు

మధురవాడలోనో భీమిలి రోడ్డులోనో స్థలం కొనబోయే మన వాళ్లకి ఈ అడుగు ఎవరూ నేర్పనక్కర్లేదు. అమ్మేవాడి ముఖం చూసి ఎవరూ డబ్బు కట్టరు. ఈసీ తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు అడుగుతారు, ఫలానా సంవత్సరంలో ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో చూస్తారు, మధ్యలో లింకు తెగితే లాయరు దగ్గరికి పరిగెత్తుతారు. ఆర్కైవ్‌లో బొమ్మ కింద ఉండే యాజమాన్య చరిత్ర అచ్చం ఇదే.

'అమ్మాయిలు' చిత్రం ఈసీ చూడండి. చిత్రకారుడి దగ్గరే ఏళ్ల తరబడి ఉంది. 1924లో దుస్తుల వ్యాపారి జాక్ దూసే కొన్నాడు. 1937లో అది న్యూయార్క్‌లోని సెలిగ్మన్ అనే వ్యాపార సంస్థకు, 1939లో ఆధునిక కళా మ్యూజియానికి చేరింది. శుభ్రమైన లింకు.

అన్నీ ఇలా ఉండవు. పికాసో క్యూబిస్టు బొమ్మలు అమ్మిన కాన్‌వైలర్ జర్మన్ పౌరుడు. 1914లో యుద్ధం రాగానే ఫ్రెంచి ప్రభుత్వం అతని సరుకంతా శత్రువు ఆస్తిగా స్వాధీనం చేసుకుంది. 1921 నుంచి 1923 దాకా నాలుగు వేలాల్లో అమ్మేసింది. క్యూబిస్టు కాన్వాసు చరిత్రలో 'కాన్‌వైలర్ స్వాధీనం, వేలం' అని కనబడితే అది ఆ ముద్ర. అలాగే 1933 నుంచి 1945 వరకు యూరప్‌లో ఉన్న ఏ బొమ్మకైనా ఆ పన్నెండేళ్ల గీతను వేలితో తాకుతూ చదవండి. యూదు కుటుంబాల నుంచి లాక్కున్న బొమ్మల లింకులు తెగేది అక్కడే. ఖాళీ కనబడితే మీ పట్టికలో "ఖాళీ" అని రాయండి. ఊహతో పూడ్చవద్దు.

ఆరో అడుగు: పట్టిక

ఎక్సెల్ చాలు, ఇంకేం హంగులు అక్కర్లేదు. నంబరు, పేరు (ఆర్కైవ్‌లో ఉన్నట్టే), తెలుగులో మీ పేరు, తేదీ, ఆ తేదీకి ఆధారం, చోటు, దేని మీద దేనితో వేశాడు, ఎత్తు, వెడల్పు, ఇప్పుడున్న చోటు, చూసిన లింకు, చూసిన రోజు. 'ఆధారం' గడి వదిలేస్తే మిగతా గడులన్నీ అలంకారమే. బొమ్మ ఫైలు పేరు కూడా సంవత్సరంతో మొదలుపెట్టండి. 'డౌన్‌లోడ్ (14)' అని ఉన్న ఫైలు వారం తర్వాత అనాథ.

వారానికోసారి చేతిరాతలో కూడా ఎక్కించండి. నాకు ఈ అలవాటు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేర్పింది. మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు, నెట్టు లేదు, టవర్లు లేవు. కిటికీ దగ్గర పగటి వెలుగులో పని చేసింది నోటుపుస్తకం ఒక్కటే.

ఏడో అడుగు: తేదీల దారి వెంట వెనక్కి నడవండి

ఇప్పుడు గుర్రం. పట్టికను తేదీల వరసలో పెట్టగానే మా వాడి కళ్లు పెద్దవయ్యాయి.

1937 మే 1 చిత్తుల్లోనే గుర్రం ఉంది. అంటే అది గెర్నికా పట్టణం మీద ఏప్రిల్ 26న బాంబులు పడిన అయిదో రోజుకే సిద్ధం. ఆ చిత్తుల్లో రెక్కల గుర్రం కూడా చిన్నదొకటి కనిపిస్తుంది, ఒక దాంట్లో అది పెద్ద గుర్రం గాయంలోంచి బయటికి వస్తోంది. తర్వాత అది మాయం. పెద్ద కాన్వాసు మీద పని సాగుతుండగా పికాసో సహచరి, ఫోటోగ్రాఫర్ డోరా మార్ మే 11 నుంచి దశలవారీగా ఫోటోలు తీసింది. మొదటి దశల్లో గుర్రం తల కిందికి వాలి ఉంటుంది. తర్వాత దశల్లో అది పైకి లేచి చిత్రం నడిమధ్యకి వచ్చేసింది. మొదటి దశల్లోనే పైకెత్తిన పిడికిలి ఒకటి వచ్చి పోయింది. ఫోటోలు వరసగా పెట్టి చూస్తే బొమ్మలో ఏం ఉందో కాదు, ఏం తీసేశాడో తెలుస్తుంది.

ఇంకాస్త వెనక్కి. 1937 జనవరిలో స్పెయిన్ సైనిక నాయకుడు ఫ్రాంకోను ఎద్దేవా చేస్తూ 'ఫ్రాంకో కల, అబద్ధం' అనే ఎచింగులు మొదలుపెట్టాడు. అందులో చివరి నాలుగు గళ్లు జూన్‌లో, గెర్నికా ముగిశాక చేర్చాడు. కాబట్టి ఈ పలకకి ఒక్క తేదీ రాస్తే తప్పు. రెండూ రాయాలి. లేకపోతే ఏది దేన్ని అనుసరించిందో తలకిందులవుతుంది. 1935 మార్చి: 'మినోటారోమాకీ', పేగులు వేలాడుతున్న గుర్రం, ఎదురుగా కొవ్వొత్తి పట్టుకున్న చిన్నపిల్ల. 1933 సెప్టెంబరు: ఎద్దుపోటు చిత్రాలు, కొమ్ముదెబ్బకు మెడ విరుచుకున్న గుర్రం. వీటి దగ్గరే చాలామంది ఆగిపోతారు.

ఆగకండి. బార్సిలోనా మ్యూజియం పట్టికలో 1917 నాటి ఒక డ్రాయింగు ఉంది, 'కొమ్ము దిగిన గుర్రం'. కాళ్లు మడిచి కూలిపోతూ మెడ ఆకాశంలోకి సాచింది. గెర్నికాకి ఇరవై ఏళ్ల ముందు! అదే 1917లో 'పరేడ్' బాలే కోసం వేసిన పెద్ద తెర మీద రెక్కలున్న తెల్ల గుర్రం ఉంది. మే 1 చిత్తులోని రెక్కల గుర్రానికి ఇది మూలమేనా? మా వాడు "మూలమే" అని ఎర్ర అక్షరాల్లో రాశాడు. కొట్టించి "పోలిక ఉంది, ఆధారం లేదు" అని రాయించాను. అలిగాడు గానీ రాశాడు.

రెండు ఆర్కైవులు ఒకే కృతికి రెండు తేదీలిస్తే? పెద్ద సంస్థ చెప్పింది ఒప్పుకుని చిన్నదాన్ని కొట్టేయడం తేలిక, సరైన పద్ధతి కాదు. రెండూ రాసి, ఎవరు ఏ సంవత్సరంలో చెప్పారో పక్కన వేయండి. పరిశోధన పత్రం పుట్టేది సాధారణంగా ఆ రెండు తేదీల సందులోంచే.

ఎనిమిదో అడుగు: కొలతను ఒంటితో చూడండి

ఫోనులో గెర్నికా, మినోటారోమాకీ ఒకే సైజు. అదే ఫోను చేసే పెద్ద ద్రోహం. రెండో ఆదివారం పొద్దున్నే ఒక కొబ్బరి పీచు తాడు, నాలుగు కర్రలు పట్టుకుని ఆర్కే బీచ్‌లో కాళీ గుడి వైపు ఇసుకలోకి దిగాం. ఇరవై అయిదున్నర అడుగుల వెడల్పు, పదకొండున్నర అడుగుల ఎత్తు. తడి ఇసుక మీద గీత గీశాం. దాని మూల దగ్గర ఒక దినపత్రిక మధ్య పేజీ పరిచాం. ఇంచుమించు అంతే ఉంటుంది మినోటారోమాకీ పలక, యాభై సెంటీమీటర్లకు డెబ్భై. జాలర్లు ఒకరిద్దరు ఆగి "షెడ్డు ఏస్తన్నారేటి బాబూ?" అని అడిగారు.

కుర్రాడు గీత మధ్యలో, గుర్రం ఉండాల్సిన చోట పడుకుని చూశాడు. వాడు అయిదున్నర అడుగులు. బొమ్మ ఎత్తులో సగం కూడా ఆనలేదు. "ఇంత పెద్దదాని ముందు నిలబడితే గుర్రం మన మీదకే పడుతున్నట్టుంటుంది కదండీ" అన్నాడు. ప్రాజెక్టులో వాడి సొంత వాక్యం మొదటిది అదే. 'పరేడ్' తెర సుమారు పదిన్నర మీటర్లకు పదహారున్నర మీటర్లు. అది గీయడానికి తాడు చాల్లేదు, అలలూ వచ్చేశాయి.

తొమ్మిదో అడుగు: హక్కులు

క్లుప్తంగా చెబుతాను. మన చట్టంలో చిత్రకారుడు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. పికాసో లెక్కన 2033 చివరి దాకా. ఫ్రాన్సులో 70 ఏళ్లు, అంటే 2043 చివరి దాకా. సొంత అధ్యయనానికి, విమర్శలో చర్చించడానికి చట్టం వెసులుబాటు ఇస్తుంది. పుస్తకం అట్ట మీద వేయడానికి, టీషర్టు మీద అచ్చేయడానికి ఇవ్వదు. డోరా మార్ ఫోటోల హక్కు మళ్లీ వేరు, ఆమె 1997లో పోయింది. ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు బొమ్మకు బదులు నంబరు, మ్యూజియం లింకు ఇస్తే మీకూ నిద్ర, వాళ్లకూ నిద్ర.

సందేహం తీరకపోతే మ్యూజియం ఆర్కైవ్ విభాగానికి ఉత్తరం రాయండి. ఒకే ప్రశ్న, నంబరుతో సహా, నాలుగు వాక్యాల్లో. "పికాసో గురించి వివరాలు పంపండి" అని రాస్తే జవాబు రాదు, రాకపోవడమే న్యాయం. పుస్తకాలకు ఆంధ్ర విశ్వవిద్యాలయం వి.ఎస్.కృష్ణా గ్రంథాలయం, ద్వారకానగర్ పౌర గ్రంథాలయం ఓసారి తిరిగి రండి. తెర మీద దొరకని పక్క పేజీ పుస్తకంలో దొరుకుతుంది.

ఆఖరిది: ఈ పద్ధతిని మన ఇంటి పెట్టె మీద పెట్టి చూడండి

మూడో ఆదివారం మా వాడు పికాసోతో రాలేదు, ఒక రేకు పెట్టెతో వచ్చాడు. వాళ్ల తాతయ్య ఒకప్పుడు ఊళ్లో సినిమా హోర్డింగులు రాసేవాడట. హోర్డింగులు ఎప్పుడో వానకు కొట్టుకుపోయాయి. మిగిలినవి పెట్టెలో పెన్సిల్ చిత్తులు. ఎవరి సంతకమూ లేదు, ఎక్కడా తేదీ లేదు. "వీటికి నంబర్లేద్దామండి" అన్నాడు. పైన పడుకున్న కాగితం తీసి, స్కేలు పెట్టి కొలిచి, తిరగేసి చూసి, పట్టికలో మొదటి వరస వాడే నింపాడు:

"నం. 1. గుర్రం మీద వీరుడు. కాగితం మీద పెన్సిల్. 28 × 21 సెం.మీ. సంతకం లేదు. వెనక వైపు పంచాంగం పేజీ, ఖర నామ సంవత్సరం. తేదీ: 1951 ఉగాదికి పంచాంగం అచ్చయిన తర్వాత. ఆధారం: కాగితం. ప్రస్తుతం ఉన్న చోటు: మా ఇంటి అటక."